థర్డ్ రైలు అంటే షాక్ భయం ఒక్కటేనా?

"మా అమ్మాయి రోజూ బెంగళూరు మెట్రోలో ఆఫీసుకి వెళ్తుంది. పట్టాల పక్కనే థర్డ్ రైలు అనే కరెంటు పట్టా ఉంటుందట. యాక్సిడెంట్ అయితే మన రైళ్ల పైవైరు కన్నా అదే ప్రమాదమా?" అని అడిగారు కదండీ.

నేను వైజాగ్‌లో ఇరవై ఏళ్లకు పైగా పైవైరు గ్యాంగులో పనిచేసి రిటైరయ్యాను. మన వైరులో 25 వేల వోల్టులు, కానీ అది ఐదున్నర మీటర్ల ఎత్తున ఉంటుంది. బెంగళూరు థర్డ్ రైలులో ఉండేది 750 వోల్టులే, కాకపోతే అది కాలికి అందే ఎత్తులో ఉంటుంది. మనిషిని చంపడానికి 750 చాలు.

నిజం చెప్పాలంటే నాకు షాక్ కన్నా ఆ ఇనుప పట్టా అంటేనే భయం. 2015 ఫిబ్రవరి 3న న్యూయార్క్ దగ్గర వల్హల్లాలో, రైల్వే గేటు దగ్గర పట్టాల మీదికొచ్చిన కారును ట్రైను గుద్దింది. అక్కడి థర్డ్ రైలుకి ట్రైను షూ, అంటే కరెంటు అందుకునే భాగం, కింది వైపు నుంచి ఆనుతుంది. గుద్దిన ఊపుకి కారు దాని కిందికి దూరి పైకి లేపేసింది. ఊడిన పట్టా ముక్కలు ఒకదాని వెనక ఒకటి మొదటి పెట్టెలోకి దూసుకొచ్చాయి, పైగా మంటలు. కారు నడిపినావిడ, ఐదుగురు ప్రయాణికులు పోయారు. పట్టా లోపలికి రావడం వల్లా, మంటల వల్లా ప్రమాదం అంత ఘోరమైందని దర్యాప్తులో తేలింది.

మీ అమ్మాయి వెళ్లే లైను చాలావరకు వంతెన మీదో సొరంగంలోనో పోతుంది. గేట్లే లేవు, కారు అడ్డొచ్చే ప్రశ్నే లేదు.

పైవైరు మాత్రం తక్కువదా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టాక చూడాలి, వైర్ల మీద చెట్లు. వేలాడే వైరు కిందనుంచే జనం సైకిళ్లు దాటించారు. "ఊరంతా కరెంటు లేదు, దీన్లో ఎందుకుంటుంది?" అని ఒకాయన నాతోనే వాదన. రైల్వే సప్లై వేరే బాబూ అని అరిచి అరిచి గొంతు పోయింది. పవర్ బ్లాక్ ఇచ్చాక, అంటే వైరుకి కరెంటు ఆపాక కూడా, మిగిలిన కరెంటుని భూమిలోకి పంపే డిశ్చార్జ్ రాడ్లు వేయందే మేమే ముట్టుకోం. గాలివానకి థర్డ్ రైలు అలా మీద పడదు.

అమ్మాయికి రెండే చెప్పండి. ట్రైను మధ్యలో ఆగితే సిబ్బంది దింపేదాకా దిగొద్దు. ఎవరైనా పట్టాల మీద పడితే ప్లాట్‌ఫాం మీద ఎమర్జెన్సీ ట్రిప్ బటన్ ఉంటుంది, నొక్కితే అక్కడ కరెంటు పోతుంది. అదెక్కడుందో ముందే చూసుకోమనండి. ఫోను పడిందని మాత్రం ఎవరూ కిందికి దూకకూడదు.