నటన నేర్పడం, నాటకం ఆడించడం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: రంగస్థల కళల్లో పీజీ చివరి ఏడాదిలో ఉన్నాను. యూనివర్సిటీలో నటన బోధిస్తూ, నాటకాలు డైరెక్ట్ చేస్తూ, వీలైనప్పుడు వేషం కూడా వేస్తూ ఉండాలని కోరిక. దీనికి పీహెచ్‌డీ చేయాలా, నాటకాలు చేసుకుంటూ పోతే చాలా? ఇంటర్వ్యూలో ఏం చూస్తారు?

జవాబు: ఏ సబ్జెక్టు చెప్పాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి. నాటక చరిత్ర, సిద్ధాంతం చెప్పాలంటే పీహెచ్‌డీ దారే పట్టాలి. నటన, దర్శకత్వం, రంగాలంకరణ విషయంలో అమెరికా యూనివర్సిటీలు ఎం.ఎఫ్.ఏ.ను (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) ఆ రంగానికి తుది డిగ్రీగా లెక్కిస్తాయి. అది ఎక్కువగా 3 ఏళ్ల కోర్సు. నాటకంలో డిగ్రీ ఇవ్వడం అక్కడ 1914లో కార్నెగీ సాంకేతిక విద్యాసంస్థలో మొదలైంది. మిగతా దేశాల నిబంధనలు వేరు కాబట్టి, మీరు దరఖాస్తు చేసే యూనివర్సిటీ నోటిఫికేషన్లో అర్హతల పేరాను అక్షరం అక్షరం చదవండి.

ఇక ఇంటర్వ్యూ సంగతి. ఎక్కువమంది తడబడేది డెమో క్లాసులో. 45 నిమిషాలు ఇస్తే, అందులో 30 నిమిషాలు విద్యార్థులు లేచి పని చేస్తూ ఉండాలి. అభ్యర్థి తన నటన చూపించడానికే సమయమంతా వాడితే, చూసేవాళ్లు మంచి నటుడని మెచ్చుకుంటారు, ఉద్యోగం మాత్రం ఇంకొకరికి ఇస్తారు. ఒకే అంశం పెట్టుకోండి. ఇద్దరు విద్యార్థుల చేత నాలుగు డైలాగుల సన్నివేశం చేయించి, ఒక్క మార్పు సూచించి, మళ్లీ చేయించండి. మొదటిసారికీ రెండోసారికీ ఉన్న తేడా గదిలో ఉన్న అందరికీ కనపడితే మీ పాఠం పండినట్టే.

రెండోది మీ ఫైలు. ప్రదర్శన ముగిసిన రెండు వారాల్లోపు ప్రొడక్షన్ బుక్ పూర్తి చేసే అలవాటు ఇప్పటినుంచే పెట్టుకోండి: కదలికలు రాసిన స్క్రిప్టు, సెట్ ప్లాను, రిహార్సల్ క్యాలెండరు, లైటింగ్ క్యూల (లైట్లు ఎప్పుడు మారాలో చెప్పే సంకేతాల) పట్టిక, డ్రెస్ రిహార్సల్లో తీసిన ఫొటోలు, ప్రేక్షకుల మధ్య నుంచి ఒకే కెమెరాతో తీసిన పూర్తి వీడియో, రచయిత ఇచ్చిన అనుమతి పత్రం. నాటకం ఆడిన మర్నాటికి మిగిలేది ఇదే. ఉద్యోగం వచ్చాక ప్రమోషన్ల కమిటీ కూడా దీన్నే అడుగుతుంది.

చేరే ముందు ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: నాటకం డైరెక్ట్ చేస్తే దాన్ని ఒక కోర్సు బోధించినట్టుగా లెక్కిస్తారా? ఒక నాటకానికి రిహార్సళ్లే 90 గంటలు. దానికి ముందు స్క్రిప్టు పని, డిజైనర్లతో సమావేశాలు ఉంటాయి. లెక్కించని చోట పూర్తి బోధన భారం మోస్తూ ఇదంతా సాయంత్రాలు చేయాల్సి వస్తుంది. మంచి టీచర్లు అలసిపోయి వదిలేసేది ఇక్కడే.

ప్రశ్న: నేను నటుణ్ని, ఈ ఏడాదే బోధన మొదలుపెట్టాను. విద్యార్థి డైలాగు సరిగా చెప్పకపోతే నేనే చెప్పి చూపిస్తున్నాను. వెంటనే బాగుపడుతోంది. కానీ వారం తిరిగేసరికి మళ్లీ మొదటికే వస్తోంది. ఎందుకు?

జవాబు: విద్యార్థి మీ నుంచి నేర్చుకున్నది డైలాగు బాణీని మాత్రమే కాబట్టి. మాట ఎక్కడ పెంచారో, ఎక్కడ ఆపారో చెవితో పట్టుకుని అప్పజెబుతున్నాడు. ఎదుటి నటుడు ఆ రోజు కొంచెం తొందరగానో మెల్లగానో చెప్పాడంటే, ఆ బాణీకి ఆధారం పోతుంది. నటన తెలిసిన టీచర్లందరికీ ఉండే ప్రలోభం ఇది. ఎంత బాగా నటిస్తే అంత ప్రమాదం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కూతురు బ్యాగు సర్దుకుంటోంది, తండ్రి పేపరు చదువుతున్నాడు. ఆమె డైలాగు: "నేను వెళ్తున్నాను నాన్నా." విద్యార్థిని ఏడుపు గొంతుతో చెబుతోంది, ప్రేక్షకుడికి ఏమీ అనిపించడం లేదు. "ఇంకా బాధగా చెప్పు" అంటే ఏడుపు పెరుగుతుంది తప్ప సన్నివేశం కదలదు. దానికి బదులు అడగండి: "ఈ మాటతో నాన్న చేత ఏం చేయించాలనుకుంటున్నావు?" ఆలోచించి "పేపరు దించి నా వైపు చూడాలి" అంటుంది. సరే, ఆయన పేపరు దించేదాకా ప్రయత్నించమనండి. తండ్రి పాత్రధారిని పక్కకు పిలిచి, నిజంగా చూడాలనిపిస్తేనే పేపరు దించమని చెప్పండి. ఈసారి ఆమె బ్యాగు జిప్పు అవసరమైన దానికంటే గట్టిగా లాగుతుంది, ఆగుతుంది, పేపరు వైపు చూస్తుంది, ఆ తర్వాత చెబుతుంది. ఏడుపు మాయమవుతుంది. చూసేవాళ్లకు మాత్రం గుండె పట్టేస్తుంది.

అందుకే నోట్స్ (నటుడికి చెప్పే సూచనలు) ఇచ్చేటప్పుడు భావాల పేర్లు వాడకండి. కోపంగా, ప్రేమగా, దిగులుగా అనే మాటలు నటుడి చేతికి ఏ పనీ ఇవ్వవు. ఆపు, ఒప్పించు, తప్పించుకో, నవ్వించు, దాచు అనేవి ఇస్తాయి. ఒక సాయంత్రం ఒక నటుడికి మూడు నోట్స్ మించవద్దు. పది చెబితే మర్నాడు గుర్తుండేది చివరిది ఒక్కటే.

రష్యాకు చెందిన స్టానిస్లావ్‌స్కీ నటుడు, దర్శకుడు, ఉపాధ్యాయుడు మూడూ. 1898లో మొదలైన మాస్కో ఆర్ట్ థియేటర్ తొలి రోజుల్లో ఆయన ప్రతి కదలికనూ ముందే రాసుకొచ్చి నటులకు ఇచ్చేవాడు. చివరి ఏళ్లలో ఆ పద్ధతి పూర్తిగా వదిలి, నటులనే లేపి, సన్నివేశంలో చేయాల్సిన పనులను సొంత మాటలతో చేసి చూడమనేవాడు. మీ తరగతికి ఆ రెండో దారే పనికొస్తుంది.

చూపించక తప్పని విషయాలూ ఉన్నాయి: పడిపోవడం, చెంపదెబ్బ, కత్తి పట్టుకోవడం. అక్కడ మాటలతో సరిపెట్టకూడదు. సగం వేగంతో చేసి చూపించి, దెబ్బ తినే వ్యక్తి చేతిలోనే నియంత్రణ ఉంచాలి. తను సిద్ధమని కళ్లతో సంకేతం ఇచ్చాకే రెండో వ్యక్తి కదలాలి. ప్రదర్శన ఉన్న ప్రతి రోజూ తెర తీసే ముందు ఆ భాగం ఒకసారి మెల్లగా చేయించాలి.

ప్రశ్న: 90 నిమిషాల నాటకం, ఆరు వారాల గడువు, విద్యార్థులు సాయంత్రం 3 గంటలే దొరుకుతారు. పోయినసారి చివరి వారం అంతా గందరగోళం అయింది. సమయం ఎలా పంచుకోవాలి?

జవాబు: వారానికి 5 రోజుల లెక్కన మీకు 30 సాయంత్రాలు, 90 గంటలు. క్యాలెండరును చివరి నుంచి వెనక్కి రాయండి. చివరి 6 రోజులు టెక్నికల్, డ్రెస్ రిహార్సళ్లకు ముందే తీసి పక్కన పెట్టేయాలి. వాటి ముందు 4 రోజులు ఆపకుండా మొత్తం నాటకం ఆడటం. దాని ముందు 10 రోజులు సన్నివేశాల పని. అంతకు ముందు 7 రోజులు బ్లాకింగ్, అంటే ఎవరు ఎప్పుడు ఎక్కడ నిలబడాలో, ఎటు కదలాలో ఖరారు చేయడం. మొదటి 3 రోజులు కూర్చుని చదవడం.

చదువుడు మూడు రోజులు దాటించకండి. కుర్చీలో కూర్చుని పాత్ర గురించి తెలివిగా మాట్లాడటం విద్యార్థులకు ఇష్టం. లేచాక ఆ తెలివి కాళ్లలోకి రాదు.

బ్లాకింగ్ మొదలయ్యేలోపు సెట్ ప్లాను నేలమీదకు రావాలి. ప్లాను 1:25 స్కేలులో ఉంటే కాగితం మీద 4 సెంటీమీటర్లు నేలమీద ఒక మీటరు. రంగు టేపుతో గోడలు, ద్వారాలు, మెట్లు గీయండి. అంకానికి ఒక రంగు. తలుపు ఏ వైపు తెరుచుకుంటుందో కూడా గీయాలి. అది వదిలేస్తే, సెట్ వచ్చిన రోజు నటి తలుపు లాగి తన ముఖాన్నే ప్రేక్షకులకు కనపడకుండా చేసుకుంటుంది. కదలికలన్నీ స్టేజ్ మేనేజర్ పెన్సిల్‌తోనే రాయాలి, ఎందుకంటే సగం మారతాయి.

పోర్షన్ (ఎవరి డైలాగులు వాళ్లు బట్టీ పట్టడం) గడువు గోడమీద రాసి పెట్టండి. మొదటి అంకం రెండో వారం చివరికి, మొత్తం మూడో వారం చివరికి నోటికి రావాలి. నాలుగో వారంలో మరిచిపోతే నటుడు పాత్ర వదలకుండా "లైన్" అనాలి, ప్రాంప్టర్ అందించాలి. ఐదో వారం నుంచి అందించడం బంద్. తప్పిన మాటలు చీటీ మీద రాసి రిహార్సల్ అయ్యాక చేతికివ్వండి. పోర్షన్ ఆలస్యమైతే సన్నివేశాల పనికి పెట్టుకున్న 10 రోజులూ బట్టీకే పోతాయి. మీ చివరి వారం గందరగోళం బహుశా అక్కడే పుట్టి ఉంటుంది.

టెక్నికల్ రిహార్సల్ లెక్క తేలిక. 60 క్యూలున్నాయనుకుందాం, ఒక్కోదానికి 5 నిమిషాలు పట్టినా 5 గంటలు, అంటే రెండు సాయంత్రాలు. మొదటి రోజు నటులు లేకుండా లైట్లు, సౌండు. తర్వాతి రెండు రోజులు నటులతో క్యూ నుంచి క్యూకి, మధ్య డైలాగులు దాటేస్తూ. నాలుగో రోజు ఆపకుండా మొత్తం. చివరి రెండు రోజులు ఆహార్యంతో. స్టేజ్ మేనేజర్ "లైట్ 12 స్టాండ్‌బై" అంటే ఆపరేటర్ వేలు సిద్ధం చేసుకుని బదులు చెప్పాలి, "లైట్ 12 గో" అన్నప్పుడే నొక్కాలి. ఆ హెడ్‌సెట్‌లో ఇంకెవరూ ఏ సందర్భంలోనూ "గో" అనకూడదు, అంటే వేళ కాకముందే క్యూ పడిపోతుంది. క్యూ నుంచి క్యూకి చేసే ఆ రెండు రోజులూ నటనకు నోట్స్ ఇవ్వకండి. ఇచ్చారా, లైట్ల విద్యార్థి చేతులు కట్టుకుని కూర్చుంటాడు, వాడి పాఠం పోతుంది. వాడూ మీ విద్యార్థే కదా.

దుస్తులు మార్చుకోవడానికి రెండు సన్నివేశాల మధ్య 40 సెకన్లే ఉంటే, 30 సెకన్లలో పూర్తయ్యేదాకా స్టాప్‌వాచ్‌తో సాధన చేయించండి. చీకట్లో గుండీలు దొరకవు, వెల్క్రో కుట్టించండి.

ప్రశ్న: నటనకు మార్కులు ఎలా వేయాలి? ప్రతిభ ఉన్నవాళ్లకే ఎక్కువ వస్తున్నాయని మిగతావాళ్ల ఫిర్యాదు.

జవాబు: ఆ ఫిర్యాదులో న్యాయం ఉంది. వందలో 40 రిహార్సల్‌కు వేయండి: వేళకు రావడం, పోర్షన్ గడువు, నిన్నటి నోటు ఈ రోజు ప్రయత్నించాడా లేదా. 20 పాత్ర నోట్‌బుక్‌కు. 25 ఎక్కడ మొదలై ఎక్కడికి చేరాడన్నదానికి. ప్రదర్శనకు 15 చాలు. మూడో వారంలో ఒక్కొక్కరినీ పిలిచి పది నిమిషాలు మాట్లాడి, అప్పటికి ఎన్ని వచ్చేవో చెప్పండి. చివర్లో చెప్పే మార్కు వల్ల ఎవరికీ ఏదీ నేర్చుకునే వీలుండదు.

పాత్రల ఎంపికకూ మార్కులకూ ముడి పెట్టకండి. వేషం రానివాడు స్టేజ్ మేనేజర్‌గానో ఆహార్యంలోనో అదే వంద మార్కులకు పోటీ పడే అవకాశం ఉండాలి.

ప్రశ్న: విద్యార్థులతో కలిసి టీచర్ వేషం వేయవచ్చా?

జవాబు: వేయవచ్చు, ముఖ్యంగా ఇరవై ఏళ్ల కుర్రాడికి తెల్లజుట్టు పూయాల్సిన పాత్ర అయితే. రెండు షరతులు. ఆ నాటకాన్ని మీరు డైరెక్ట్ చేయకూడదు. రిహార్సల్ గదిలో తోటి నటులకు ఒక్క నోటు కూడా ఇవ్వకూడదు. విరామంలో విద్యార్థి వచ్చి "నా సీను ఎలా ఉంది సార్?" అని అడిగినా "డైరెక్టర్ని అడుగు" అనే జవాబే ఇవ్వాలి. పోర్షన్ గడువు మీకూ వర్తిస్తుంది, ఇంకా చెప్పాలంటే అందరికంటే ముందు మీకే రావాలి.

ప్రశ్న: ప్రదర్శన రెండో రోజుకే మా నటుల గొంతు బొంగురుపోతోంది. వెనక వరసకు మాటలు వినపడటం లేదని కూడా అంటున్నారు.

జవాబు: రెండూ ఒకే కారణం వల్ల కావచ్చు: ఊపిరి చాలక గొంతు మీద ఒత్తిడి పెట్టి అరవడం. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. ఊపిరి అయిపోయేది కూడా అక్కడే. "నీతో రావాలని లే..." అని మాట మింగేస్తే, రావాలని ఉందో లేదో వెనక వరసకు తెలియదు. ప్రతి డైలాగును చివరి మాట నుంచి వెనక్కి సాధన చేయించండి: ముందు "లేదు", తర్వాత "రావాలని లేదు", తర్వాత మొత్తం. ఒకరిని చివరి వరసలో కూర్చోబెట్టి, చివరి మాట వినపడని ప్రతిసారీ చెయ్యెత్తమనండి.

ప్రదర్శనకు ముందు 15 నిమిషాలు: మెడ, దవడ వదులు చేయడం, నోరు మూసి మెల్లగా హమ్మింగ్, తర్వాతే గట్టి స్వరం. బొంగురుపోయినవాళ్లను గుసగుసగా మాట్లాడమనకండి, బలవంతపు గుసగుసతోనూ గొంతు అలసిపోతుంది. మాట్లాడకుండా ఉండటమే విశ్రాంతి. రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి, అప్పటిదాకా ఆ విద్యార్థి పాత్రను ఇంకొకరికి అప్పగించండి.