భారత మహిళల ఫుట్‌బాల్ జట్టు ఇంతకుముందూ ఆసియా కప్ ఆడింది కదా, 2025లో అర్హత సాధిస్తే అంత గొప్పగా ఎందుకు చెప్పుకుంటున్నారు?

ఆడింది, నిజమే. 1979లో, 1983లో రన్నరప్‌గా కూడా నిలిచింది. కానీ ఆ రోజుల్లో క్వాలిఫయర్స్ (అర్హత పోటీలు) అనేవే లేవు. 2022లో ఆతిథ్య దేశంగా నేరుగా చోటు దక్కింది. తీరా టోర్నీ మొదలయ్యాక జట్టులో కోవిడ్ పాకి, చైనీస్ తైపీతో మ్యాచ్‌కి కావాల్సిన 13 మంది ఆటగాళ్లు కూడా మిగల్లేదు. సొంతగడ్డపై టోర్నీ నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. ఆ బాధ చాలాకాలం వెంటాడింది.

2025లో మాత్రం గెలిచి సాధించుకున్నారు. గ్రూపులో మొదటి స్థానానికే అర్హత. ఆఖరి మ్యాచ్ జూలై 5న, చియాంగ్ మాయిలో, థాయ్‌లాండ్ సొంత ప్రేక్షకుల ముందు. అప్పటికి రెండు జట్లూ ఆడిన మూడూ గెలిచాయి, గోల్స్ కూడా చెరి 22. ర్యాంకులో థాయ్‌లాండ్ మనకంటే చాలా పైన ఉంది. రెండు ప్రపంచ కప్‌లు ఆడిన జట్టది.

29వ నిమిషంలో సంగీతా బాస్ఫోర్ దూరం నుంచి కొట్టిన షాట్ నేరుగా వలలో పడింది. సెకండాఫ్ మొదలవగానే థాయ్‌లాండ్ స్కోరు సమం చేసింది. టెన్షన్ అంతా అప్పుడే! 74వ నిమిషంలో కార్నర్ తర్వాత వచ్చిన బంతిని మళ్లీ సంగీతే తలతో గోల్‌లోకి పంపింది. 2-1.

మరో సంతోషం, మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య కూడా ఈ క్వాలిఫయర్స్ జట్టులో ఉంది.