బొమ్మకు బరువు ఎలా వస్తుంది?

ప్రశ్న: మా నాన్న కోలారు బంగారు గనిలో పనిచేసి, అది మూతపడ్డాక ఇంటికొచ్చేశారు. మొన్న సెలవుల్లో మా అబ్బాయి 'కాజిల్ ఇన్ ద స్కై' అనే జపాన్ బొమ్మల సినిమా పెడితే, రెండు గంటలూ కుర్చీలోంచి లేవకుండా చూశారు. నాకది పిల్లల సినిమాలాగే అనిపించింది. పెద్దవాళ్లను అంతగా కూర్చోబెట్టేది అందులో ఏముంది? అందులోని అమ్మాయి పేరు షీటా అంటున్నారు. మన సీతమ్మ పేరేనా?
– ఒక పాఠకురాలు, కుప్పం

జవాబు: అమ్మా, తిరుపతిలో ముప్పై ఏళ్లు డ్రాయింగ్ మాస్టరుగా చేసినవాణ్ణి. నాకు తెలిసిన దారిలోనే చెబుతాను.

సినిమా మొదట్లో పాజు అనే గని కుర్రాడు రాత్రిపూట తిండి పట్టుకుని వస్తుంటాడు. ఆకాశంలోంచి ఒక అమ్మాయి మెల్లగా దిగుతుంది. మెడలో నీలం రాయి వెలుగుతుంటుంది. పాజు చేతులు చాపితే దూదిపింజలా వచ్చి వాలుతుంది. అంతలో రాయి వెలుగు ఆరిపోతుంది. అప్పుడు పడుతుంది చూడండి, బరువంతా ఒక్కసారిగా ఆ చేతుల మీద! పిల్లాడు ముందుకు తూలి, పళ్లు బిగబట్టి, పడిపోకుండా ఆపుకుంటాడు. బళ్లో నేను పిల్లల చేత బిందె మోసే ఆడమనిషి బొమ్మ వేయించేవాణ్ణి. బిందె చక్కగా వచ్చేది. మనిషి మాత్రం ఖాళీ బిందె ఎత్తుకున్నట్టు నిటారుగా నిలబడేది. నడుము ఎటు ఒరుగుతుంది, రెండో చెయ్యి ఎంత దూరం జరుగుతుంది అన్నది వీధి కుళాయి దగ్గర నిలబడి చూస్తే తప్ప రాదు. ఈ సినిమా తీసిన దర్శకుడు హయావో మియజాకి అలా చూసిన మనిషి. 1986లో వచ్చిన ఈ సినిమా చేత్తో గీసిందే. బరువు అంత నిజంగా గీశాడు కాబట్టే తర్వాత కోట గాల్లో తేలుతుందంటే నమ్ముతాం.

ఇక మీ నాన్నగారి సంగతి. పాజు ఉండేది గని ఊళ్లో. ఆ ఊరికి మూలం బ్రిటన్‌లోని వేల్స్. అక్కడి బొగ్గు గని కార్మికులు 1984–85లో ఏడాది పాటు సమ్మె చేసి ఓడిపోయారు. ఆ తర్వాత మియజాకి అక్కడికి వెళ్లి ఆ ఊళ్లు చూసి వచ్చారు. అందుకే ఆ ఇళ్లు, ఆ రైలు కట్ట, పనయ్యాక మనుషులు నిలబడే తీరు అంత నిజంగా ఉంటాయి. భూమి లోపల ఒక ముసలాయన లాంతరు ఆర్పేస్తే చుట్టూ రాళ్లు మినుకుమంటాయి, గుర్తుందా? కోలారు గనులు 2001లో మూతపడ్డాయి. చీకట్లో రాతిని చూసిన మనిషికి ఆ సీను ఏమనిపించిందో ఆయన్నే అడగండి. ఆయన ఏం చెప్పారో నాకు తప్పకుండా రాయండి.

పేరు విషయం. గ్రీకు అక్షరం 'థీటా'ను జపాన్‌వాళ్లు 'షీటా' అనే పలుకుతారు. సీతమ్మ కాదు. కానీ రామాయణం ప్రస్తావన సినిమాలో ఉంది. ఆకాశ నగరం నుంచి ఆయుధం పేల్చి, దీన్నే రామాయణంలో ఇంద్రుడి బాణమన్నారని విలన్ ముస్కా గొప్పగా చెబుతాడు. లపుటా అన్న ఆ ఆకాశ నగరం పేరు మాత్రం రచయిత జోనాథన్ స్విఫ్ట్ 1726లో రాసిన గలివర్ కథలోది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఆ ఆకాశ నగరంలో తోట చూసుకునే, నాచు పట్టిన రోబో. పిల్లల గ్లైడర్ మీదికి వస్తుంటే విరగ్గొడుతుందేమోనని టెన్షన్ పడతాం. అది గ్లైడర్‌ను నెమ్మదిగా ఎత్తి పక్కన పెడుతుంది. కింద పిట్టగూడు, అందులో గుడ్లు.

ప్రశ్న: అదే సినిమా ఇంగ్లీషు డబ్బింగ్‌లో చూడాలా, జపనీస్‌లోనా?
– ఒక విద్యార్థి, చిత్తూరు

జవాబు: సబ్‌టైటిల్స్ చదవగలిగితే జపనీస్‌లోనే చూడు బాబూ. తర్వాత ఇంగ్లీషు డబ్బింగ్ కోసం సినిమా సంగీత దర్శకుడు జో హిసాయిషి సంగీతం బాగా పెంచారు. జపనీస్‌లో మాటా పాటా లేని చోట్లు ఎక్కువ. తెల్లవారుజామున పాజు ఇంటిపైకెక్కి ట్రంపెట్ ఊది పావురాలను వదులుతాడే, అక్కడ సౌండ్ కాస్త పెంచుకో.