ముందు ఆ సీసా సంగతి చూడు

చిరంజీవి అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. నాలుగు బ్యాచ్‌లు చేసినా నీ తగరం పెరోవ్‌స్కైట్ (వెలుతురు పీల్చే స్ఫటిక పదార్థం) సోలార్ సెల్ సామర్థ్యం మూడు శాతం దాటలేదనీ, పైన వేసే, ఎలక్ట్రాన్లను బయటికి చేర్చే లేయర్ మార్చనా అనీ అడిగావు. అప్పుడే వద్దమ్మా. ముందు నీ టిన్ అయొడైడ్ (సెల్‌కు తగరం ఇచ్చే లవణం) సీసా ఎన్నిసార్లు మూత తీశారో కనుక్కో.

సీసం పెరోవ్‌స్కైట్ సెల్స్ 26 శాతం దాటేశాయి. మన తగరానివి 15 దాటడానికే ఆపసోపాలు పడ్డాయి. కారణం నీకూ తెలుసు: టిన్ టూ ప్లస్ (రెండు ఎలక్ట్రాన్లు పోయిన తగరం) నిలకడగా ఉండదు, కాస్త ఆక్సిజన్ తగిలితే ఇంకో రెండు పోగొట్టుకుని ఫోర్ ప్లస్ అయి కూర్చుంటుంది. పైగా పలచటి పెరోవ్‌స్కైట్ పొరలో, అంటే ఫిల్మ్‌లో, తగరం స్థానాలు ఊరికే ఖాళీ అవుతాయి. ఈ రెండింటివల్లా హోల్స్ (ఎలక్ట్రాన్ లేక ధనావేశంలా మెలిగే చోట్లు) పెరిగిపోయి, వెలుతురుకు పుట్టిన ఎలక్ట్రాన్లు బయటికి రాకముందే వాటిలో కలిసిపోతాయి. నీ వోల్టేజి పడిపోయేది అక్కడే.

నేనూ ఒకసారి ద్రావణాన్ని రాత్రంతా వేడి ప్లేటు మీద తిప్పుతూ వదిలేసి ఇంటికి పోయాను. పొద్దున వచ్చేసరికి లేత పసుపుగా ఉండాల్సింది ఎర్రబారింది. గాలి చొరకుండా పనిచేసే పెట్టె గ్లోవ్‌బాక్స్‌ను తిట్టుకున్నాను గానీ తప్పు ద్రావకం డీఎంఎస్‌ఓది. వేడి చేస్తే అదే తగరాన్ని ఆక్సీకరిస్తుందని చాలా ఏళ్లకు, 2020 ప్రాంతంలో గానీ బయటపడలేదు. నువ్వు మాత్రం గది వేడిలోనే కరిగించు. అందులో చిటికెడు తగరం పొడి వేసి తిప్పు, చెడిన ఫోర్ ప్లస్‌ను అది మళ్లీ టూ ప్లస్ చేస్తుంది. తర్వాత వడగట్టడం మరిచిపోకు. తగరాన్ని కాపాడే టిన్ ఫ్లోరైడ్ పది మోల్ శాతం చాలు. మంచిదే కదా అని ఎక్కువ వేస్తే ఫిల్మ్‌లో విడిగా పేరుకుంటుంది.

ఇక గాజు పలకను గిర్రున తిప్పి ద్రావణాన్ని పలచగా పరిచే స్పిన్ కోటర్ దగ్గర. తగరం సీసంలా ఆగదు, చూస్తుండగానే స్ఫటికాలు కట్టేస్తుంది. స్ఫటికాలు సమంగా కట్టించేందుకు క్లోరోబెంజీన్ పొయ్యాల్సిన క్షణం పోపులో ఆవాలు చిటపటమనే క్షణం లాంటిది: ముందైతే పచ్చి, దాటితే మాడు. పేపర్లో రాసిన సెకన్లు వాళ్ల గదివి. నీ సెకన్లు నువ్వే పట్టుకోవాలి, ఇరవై గాజు పలకలు పాడైనా సరే.

ఇవన్నీ కుదిరాక లేయర్ మార్చు. ఎలక్ట్రాన్ లేయర్‌లో పీసీబీఎం బదులు ఐసీబీఏ (రెండూ కార్బన్ బంతుల్లాంటి ఫుల్లరీన్లే) వేస్తే వోల్టేజి బాగా పెరుగుతుంది, దాని శక్తి స్థాయి తగరానికి దగ్గరగా సరిపోతుంది. కింద ఉన్న, హోల్స్‌ను చేర్చే పెడాట్ లేయర్‌కు ఆమ్ల గుణం ఉంది, తేమ కూడా పీలుస్తుంది. నిలకడ కావాలంటే ఏదో ఒకనాడు దాన్నీ వదిలించుకోవాల్సిందే.

వచ్చే ఉత్తరంలో, వోల్టేజిని పైనుంచి కిందికి తగ్గిస్తూ కొలిచే రివర్స్ స్కాన్‌లో వచ్చిన ఒక్క మంచి అంకె రాసి ఊరుకోకు. రెండు వైపుల స్కాన్లూ, ఆ బ్యాచ్‌లోని సెల్స్ అన్నిటివీ, చచ్చిపోయిన వాటితో సహా పంపు.

ఆశీస్సులతో,
మీ పాత మాస్టారు