మెయింటెనెన్స్ ప్రశ్నలు: స్కర్ట్ రబ్బర్ క్లాంపులు, బెల్ట్ మీద గాట్లు

ప్రశ్న: మాది సున్నపురాయి క్రషర్ కింద నడిచే బెల్ట్, వెడల్పు 1000 మి.మీ. సరుకు బెల్ట్ పక్కల నుంచి రాలకుండా ఆపే స్కర్ట్ రబ్బర్‌ని, స్కర్ట్ ప్లేటుకి (పక్కనుండే స్టీలు గోడకి) ఫ్లాట్ పట్టీ వేసి 12 మి.మీ. బోల్టులతో బిగించారు. దుమ్ము, తడి కలిసి నట్లు పట్టేస్తున్నాయి. రబ్బర్ రెండు వేళ్లు కిందికి దించాలన్నా గ్యాస్ కటింగ్ సెట్ తేవాల్సిందే. త్వరగా ఊడదీసి బిగించే క్లాంపులు మా వర్క్‌షాపులోనే చేసుకోవచ్చా?
– ఫిట్టర్, పల్నాడు జిల్లా

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చు. దుమ్ములో నట్టు బోల్టు కన్నా వెడ్జ్ (చీల) పద్ధతి ఎంతో మేలు. స్కర్ట్ ప్లేటుకి వెల్డ్ చేసిన పిన్నులకి పట్టీని రంధ్రాలతో తగిలించి, పిన్ను గాడిలో వెడ్జ్ కొడితే పట్టీ రబ్బర్‌ని నొక్కి పట్టుకుంటుంది. మరలే లేకపోతే పట్టేసేదేమీ ఉండదు. స్పానర్ అక్కర్లేదు, కేజీ సుత్తి చాలు. సర్దడం కష్టమైన క్లాంపును ఎవరూ సర్దరు. రబ్బర్ అరిగిపోయి, రాయి కిందికి రాలి, టెయిల్ పుల్లీ (బెల్ట్ వెనక కొస చక్రం) కింద గుట్ట పడేదాకా దాన్ని అలాగే వదిలేస్తారు.

కొలతలు 12 మి.మీ. మందం రబ్బర్‌కి చెబుతున్నాం. 100 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. మందం ఉన్న ఫ్లాట్ పట్టీని 1200 మి.మీ. ముక్కలుగా కోయండి. ఒక్కో ముక్క తొమ్మిదిన్నర కేజీల లోపే ఉంటుంది కాబట్టి ఒక మనిషే ఎత్తి తగిలించగలడు. ప్రతి ముక్కకీ నాలుగు పిన్నులు కావాలి: అంచు నుంచి 150 దగ్గర మొదటిది, అక్కడి నుంచి 300కి ఒకటి. రంధ్రాలు 22 మి.మీ., పట్టీ పై అంచు నుంచి 30 కిందికి. పై అంచు వెనక 10 మి.మీ. చదరపు రాడ్ వెల్డ్ చేయండి. ఈ రాడ్ లేకపోతే కింద రబ్బర్ ఉండి పైన ఖాళీగా ఉండటంతో పట్టీ వాలిపోతుంది, పట్టు కుదరదు.

పిన్ను 20 మి.మీ. రాడ్, పొడవు 65. స్కర్ట్ ప్లేట్ నుంచి లెక్కిస్తే 16వ మి.మీ. దగ్గర మొదలై 46 దాకా నిలువుగా ఆరపార గాడి తీయాలి, వెడల్పు 7. గాడి లోపలి చివర పట్టీ బయటి ముఖం కన్నా లోపలికే ఉండాలి. చాలామంది ఇక్కడే పొరపడతారు. గాడి పట్టీ ముఖం దగ్గరే ఆగితే వెడ్జ్ పిన్నులో ఇరుక్కుంటుంది, పట్టీ మాత్రం వదులుగానే ఉంటుంది. పైకి గట్టిగా బిగిసినట్టు కనిపించడంతో కారణం ఓ పట్టాన దొరకదు.

వెడ్జ్‌కి 6 మి.మీ. ప్లేటు. పొడవు 80, ఒక కొస 22, రెండో కొస 30 వెడల్పు. పదికి ఒకటి వాలు కాబట్టి దెబ్బతో బిగిశాక తనంతట తాను జారదు. ఎప్పుడూ పైనుంచి కిందికే కొట్టండి. అదిరినా బరువు దాన్ని కిందికే లాగుతుంది. ప్రతి వెడ్జ్‌కీ చిన్న గొలుసు వేసి స్కర్ట్ ప్లేటుకి కట్టండి. ఊడిన వెడ్జ్ బెల్ట్ మీద పడి చ్యూట్‌లో (సరుకు జారి పడే దారిలో) అడ్డంగా ఇరుక్కుంటే బెల్ట్ నిలువునా చీలుతుంది.

పిన్ను చుట్టూ వెల్డ్ 6 మి.మీ. మించకూడదు, లేదంటే పట్టీ కూర్చోదు. పట్టీ కింది అంచు బెల్ట్‌కి 50 మి.మీ. పైన ఉండేలా పిన్నుల లైను గీసుకోండి. అంతకన్నా పైకి పోతే వేలాడే రబ్బర్ ఎక్కువై బయటికి వంగుతుంది. వెల్డింగ్‌కి ముందు పాత రబ్బర్ తీసేయాలి, బెల్ట్‌ని తడిపి ఫైర్ బ్లాంకెట్ కప్పాలి. ఎర్తింగ్ క్లాంపు స్కర్ట్ ప్లేటుకే పెట్టాలి. దూరంగా ఫ్రేముకి పెడితే కరెంటు రోలర్ బేరింగుల గుండా పోయి వాటిని పాడు చేస్తుంది.

రబ్బర్ 100 మి.మీ. ఎత్తున, రంధ్రాలు లేకుండా, స్కర్ట్ పొడవంతా ఒకే ముక్కగా వేయండి. అతుకు ఉన్నచోటల్లా కారుతుంది. పట్టీ లోపల 50 మి.మీ. పట్టు దొరుకుతుంది. అరిగేకొద్దీ దించుతూ పోయి పట్టు 25కి తగ్గాక మార్చేయండి. దించేటప్పుడు ఒక్క ముక్క వెడ్జ్‌లే వదులు చేయండి, పక్క ముక్కలు రబ్బర్‌ని పట్టుకునే ఉంటాయి. ముందు మధ్య రెండు వెడ్జ్‌లు, తర్వాత చివరివి బిగించాలి.

ఈ పనంతా పవర్ ఐసొలేట్ చేసి (పూర్తిగా విడదీసి), తాళం వేసి, ట్యాగ్ కట్టాకే. పుల్ కార్డ్ (బెల్ట్‌ని అత్యవసరంగా ఆపే తాడు) లాగి ఆపడం ఐసొలేషన్ కాదు, ఎవరైనా రీసెట్ చేస్తే బెల్ట్ కదులుతుంది. ఏటవాలు బెల్ట్ అయితే వెనక్కి జారకుండా కట్టేయడమూ ముఖ్యమే.

ప్రశ్న: మా థర్మల్ కేంద్రంలో బొగ్గు బెల్ట్‌కి స్కర్ట్ లైను వెంట రెండు పక్కలా లోతుగా గాట్లు పడుతున్నాయి. కారడం మాత్రం తగ్గలేదు. క్లాంపులు మంచివే, బాగా దించి బిగిస్తున్నాం. స్కర్ట్‌గా పాత బెల్ట్ ముక్కలు వాడుతున్నాం.
– సూపర్‌వైజర్, కోల్ హ్యాండ్లింగ్

జవాబు: ముందు ఆ పాత బెల్ట్ ముక్కలు తీసేయండి. వాటి లోపల గుడ్డ పొరలుంటాయి. పై రబ్బర్ అరగ్గానే బొగ్గు నుసి ఆ పొరల్లో దిగబడి ముక్క మొత్తం సానరాయిలా తయారవుతుంది. ఉచితంగా దొరికిందని వాడిన ఆ ముక్క ఖరీదైన బెల్ట్‌ని కోస్తోంది. స్కర్ట్‌కి గుడ్డ లేని, బెల్ట్ పై పొర కన్నా మెత్తని రబ్బరే వాడాలి. అరగాల్సింది స్కర్ట్, బెల్ట్ కాదు. బొగ్గు కాబట్టి మంటను తట్టుకునే, స్టాటిక్ కరెంటు నిలవనివ్వని రకం తీసుకోండి.

రెండో కారణం మీరు బాగా దించి బిగించడమే. రబ్బర్‌ని బెల్ట్ మీదికి నొక్కడం క్లాంపు పని కాదు, తాకుతూ నిలిపి ఉంచడమే దాని పని. లోడు పడగానే రోలర్ల మధ్య బెల్ట్ కిందికి కుంగుతుంది, సందు కనిపిస్తుంది, మనిషి రబ్బర్ ఇంకా దించుతాడు. లోడు పోయాక బెల్ట్ పైకి లేచి ఆ రబ్బర్‌నే ఒరుసుకుంటూ నడుస్తుంది. గాట్లు అప్పుడే పడతాయి. ఇక్కడ సరిచేయాల్సింది కుంగుడు. లోడు పడే చోట రోలర్ల దూరం 300 నుంచి 450 మి.మీ. లోపే ఉండాలి. చాలాచోట్ల మామూలు లైనులో ఉండే 1000, 1200 దూరమే చ్యూట్ కిందా కనిపిస్తుంది. రోలర్లు దగ్గర చేయకుండా ఎంత మంచి క్లాంపు పెట్టినా డబ్బు దండగ.

స్కర్ట్ స్టీలు ప్లేటు కింది అంచు కూడా కొలవండి. బెల్ట్‌తో సందు టెయిల్ వైపు 6 మి.మీ. ఉంటే బయటికి పోయే కొస దగ్గర 12 ఉండాలి. పోయే దిశలో సందు పెరిగితే ఇరుక్కున్న పెళ్ల దానంతటదే విడిపోతుంది. తగ్గుతూ పోతే అది బిగుసుకుని గీత గీస్తుంది. మీ గాట్లు స్కర్ట్ మధ్యలో మొదలై చివరికి లోతవుతుంటే దీన్నే అనుమానించండి. లోపలి లైనర్ ప్లేట్లు అరిగి ఉంటే అవీ మార్చాలి. లైనర్ లేకపోతే బొగ్గు బరువంతా నేరుగా రబ్బర్ మీద పడుతుంది, ఏ క్లాంపూ దాన్ని ఆపలేదు.

సర్దుబాటు సరిగా ఉందో లేదో తెలియాలంటే ఖాళీ బెల్ట్ ఆపి చూడండి. రబ్బర్ కింద పెట్టిన కాగితం కాస్త ఒరుసుకుంటూ బయటికి రావాలి. చిరిగితే నొక్కుడు ఎక్కువ. రబ్బర్ కింది అంచు బయటికి వంగినా అంతే.

ప్రశ్న: క్లింకర్ (సిమెంట్ బట్టీలోంచి వచ్చే వేడి గడ్డలు) మోసే బెల్ట్‌కి పాలీయూరిథేన్ స్కర్ట్ ఎక్కువ కాలం వస్తుందంటున్నారు. వేయొచ్చా?
– సిమెంట్ ప్లాంట్ ఉద్యోగి, నంద్యాల జిల్లా

జవాబు: వద్దు. రాపిడికి అది గట్టిదే గానీ 80 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది. దాన్ని చల్లార్చే కూలర్ బాగా పనిచేసినా క్లింకర్ బయటి గాలి కన్నా 65 డిగ్రీలు ఎక్కువ వేడితో వస్తుంది. ఎండాకాలంలో 110 దాకా లెక్కేసుకోండి. సైలోలో నిలవున్నా లోపలి సరుకు అంత తొందరగా చల్లారదు. వేడిని తట్టుకునే ఈపీడీఎం రబ్బరే వేయండి. బెల్ట్ కూడా భారత ప్రమాణం ఐఎస్ 1891 రెండో భాగం ప్రకారం వేడికి పనికొచ్చేదో కాదో చూసుకోండి. క్లాంపుల్లో ప్లాస్టిక్ పిడి, రబ్బర్ కొన ఉన్న టాగుల్ (మీట నొక్కి బిగించే) రకాలు ఇక్కడ వద్దు, పూర్తి స్టీలు వెడ్జ్‌లే పెట్టండి.