బీపీ ఉంది, షుగర్ అంచున ఉంది... ఏ బర్గర్ తినొచ్చు?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు. రోజూ బీపీ మాత్ర వేసుకుంటున్నాను. ఈమధ్య పరీక్షల్లో పరగడుపు షుగర్ 112, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 230 వచ్చాయి. వారానికోసారి ఆఫీసు వాళ్లతో బర్గర్ రెస్టారెంట్‌కు వెళ్తాను. ఇదివరకు చీజ్, బేకన్ (ఉప్పు పట్టించిన పంది మాంసం ముక్కలు) వేసిన డబుల్ ప్యాటీ బర్గర్ తినేవాణ్ని. ఇప్పుడు క్రిస్పీ చికెన్ బర్గర్‌కు మారాను. ఇది మంచిదేనా? పైన ఏమేం వేయించుకోవచ్చు?

జవాబు: మారినందుకు కొంత మేలు ఉంది గానీ, మీరు అనుకుంటున్నంత లేదు. చికెన్ వల్ల సంతృప్త కొవ్వు తగ్గుతుంది, నిజమే. కానీ క్రిస్పీ చికెన్‌కు పిండి పూత పూసి నూనెలో వేయిస్తారు. ఆ పూత నూనెను పీల్చుకుంటుంది, పిండిపదార్థాన్నీ పెంచుతుంది. చికెన్ మెత్తగా ఉండాలని ముందే ఉప్పునీళ్లలో నానబెట్టడమూ మామూలే. అంటే మీ బీపీకి పెద్దగా ఒరిగేదేమీ లేదు. అదే చికెన్‌ను గ్రిల్ చేసింది అడగండి. అది దొరకకపోతే, సింగిల్ ప్యాటీ మామూలు బర్గర్ మీ పాత డబుల్ కంటే చాలా నయం. వెజ్ ప్యాటీ అనగానే తేలిక అనుకోకండి. చాలాచోట్ల అది బంగాళదుంప, బ్రెడ్ పొడి కలిపి వేయించిందే.

అసలు తేడా పైన వేసే వాటిలోనే ఉంది. ముఖ్యంగా సాస్‌లో. ఒక టేబుల్ స్పూను మయోనైజ్‌లో సుమారు 90-100 క్యాలరీలు, 10 గ్రాముల కొవ్వు ఉంటాయి. వంటగదిలో సీసా నొక్కి బన్‌కు రెండు వైపులా రాస్తే రెండు స్పూన్లు తేలిగ్గా పడిపోతాయి. 'స్పెషల్ సాస్' అని పేరు ఏదైనా, చాలావాటికి ఆధారం మయోనైజే. బార్బెక్యూ సాస్‌లో కొవ్వు లేదు గానీ చక్కెర ఎక్కువ. అందుకే ఆర్డర్ ఇచ్చేటప్పుడే 'సాస్ వేయొద్దు, విడిగా చిన్న కప్పులో ఇవ్వండి' అని చెప్పండి. ఒక చెంచా రాసుకుని మిగతాది వదిలేయండి. ఆవాలతో చేసే మస్టర్డ్ సాస్ ఉంటే ఇంకా మంచిది. దానిలో క్యాలరీలు నామమాత్రమే, ఉప్పు మాత్రం ఉంటుంది కాబట్టి ఒక చెంచా చాలు.

ఇక ఉప్పు. రోజుకు సోడియం 2,000 మిల్లీగ్రాములు, అంటే 5 గ్రాముల ఉప్పు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒక్క ప్రాసెస్డ్ చీజ్ ముక్కలోనే 200-300 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రెండు బేకన్ ముక్కలతో ఇంకో 300 దాకా చేరుతుంది. బన్, ప్యాటీ, ఊరబెట్టిన దోసకాయ ముక్కలు కూడా కలిపితే ఒక్క బర్గర్‌తోనే రోజు కోటాలో సగం దాటొచ్చు. బేకన్ పూర్తిగా మానేయండి. చీజ్ మీకు అంత ఇష్టమైతే ఒక్క ముక్క, ఆ రోజు ఊరబెట్టిన దోసకాయ ముక్కలు వద్దు. పచ్చి ఉల్లిపాయ, టమాటా, లెట్యూస్ ఎంత అడిగినా ఇబ్బంది లేదు. వేయించిన ఉల్లి చక్రాలు ఆ లెక్కలోకి రావు.

మీ షుగర్, ట్రైగ్లిజరైడ్లకు బర్గర్ కంటే పక్కన వచ్చేవే ఎక్కువ హాని. 330 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. దాని బదులు నీళ్లో, చక్కెర లేని సోడానో తీసుకోండి. ఫ్రైస్ స్థానంలో సలాడ్ ఇస్తారేమో అడగండి, డ్రెస్సింగ్ విడిగా. కాంబో చవకని తీసుకుంటే కోలా, ఫ్రైస్ రెండూ తప్పవు, కాబట్టి బర్గర్ ఒక్కటే ఆర్డర్ చేయండి. చాలా చైన్ రెస్టారెంట్లు తమ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో పోషకాల పట్టిక పెడతాయి. క్యాలరీలతో ఆగకుండా సోడియం, సంతృప్త కొవ్వు అంకెలు కూడా పోల్చి చూసుకోండి.

ఉప్పు ఎక్కువైందని ఆ రాత్రి మీ అంతట మీరు అదనపు బీపీ మాత్ర వేసుకోవద్దు. మర్నాడు బరువు కాస్త పెరిగినట్టు కనిపిస్తే అది చాలావరకు ఒంట్లో నిలిచిన నీరే. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ (రెండు, మూడు నెలల సగటు షుగర్ చెప్పేది), లిపిడ్ (రక్తంలోని కొవ్వుల) పరీక్షలు మళ్లీ చేయించండి. ముందురోజు రాత్రి మాత్రం బర్గర్ వద్దు. కొవ్వెక్కువ భోజనం ప్రభావంతో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా కనిపించొచ్చు. అవి 500 దాటితే పాంక్రియాస్ (క్లోమం) వాపు ముప్పు ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయకుండా మీ డాక్టర్‌ను కలవండి.