జో కాల్జాగీ 46-0 రికార్డును ఎంతవరకు నమ్మొచ్చు?

వేల్స్ బాక్సర్ జో కాల్జాగీ 46 ఫైట్లలో ఒక్కటీ ఓడలేదంటే నిజంగా గొప్పవాడా, లేక బలహీనుల్ని ఏరుకుని కొట్టాడా అని అడిగారు.

నాకు కాస్త పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నా. 2007లో కార్డిఫ్‌లో ఎంఎస్సీ చదువుతూ రాత్రిళ్లు ఒక చిప్స్ షాపులో పనిచేసేవాణ్ణి. ఆ నవంబరులో మిలీనియం స్టేడియంలో డెన్మార్క్ బాక్సర్ మిక్కెల్ కెస్లర్‌తో కాల్జాగీ ఫైట్. అమెరికా టీవీ వాళ్ల టైముకి కుదరాలని అర్ధరాత్రి దాటాక పెట్టారు. అయిపోయాక 50 వేల పైచిలుకు జనం ఆ చలిలో ఒక్కసారిగా రోడ్ల మీద పడ్డారు. మాకు తెల్లారేదాకా ఊపిరాడలేదు. అప్పటిదాకా బాక్సింగ్ అంటే నాకు తెలిసింది టైసన్ చెవి కొరకడం ఒక్కటే. తర్వాతి వారమే జిమ్‌లో చేరా. నాదీ కాల్జాగీలాగే పుర్రచేతి వాటం, అదో పిచ్చి ధైర్యం.

ఆయన పిడికిలితో గుద్దడు, చేత్తో చరుస్తాడు అని చాలామంది వెక్కిరిస్తారు. నేనూ నవ్వేవాణ్ణి. రెండో నెలలో బ్యాగ్ కొడుతుంటే నా వేలి కణుపు చిట్లింది. అన్నం కలుపుకోవడానికే చుక్కలు కనిపించాయి. ఆయన ఎందుకు చరుస్తాడో అప్పుడర్థమైంది: కాల్జాగీకి చేతుల గాయాలు కెరీర్ అంతా ఉన్నాయి. 2006లో అమెరికా బాక్సర్ జెఫ్ లేసీతో ఫైట్‌కి ముందు కూడా చెయ్యి బాగోలేక తప్పుకుందామనుకున్నాడు. ఆడాల్సిందేనని పట్టుబట్టింది తండ్రి ఎంజో. ఆయన సార్డీనియా నుంచి వచ్చిన సంగీతకారుడు, ప్రొఫెషనల్‌గా ఎప్పుడూ బాక్సింగ్ ఆడలేదు, అయినా కొడుక్కి కోచ్ ఆయనే. అప్పటికి ఓటమి ఎరగని లేసీని ఆ రాత్రి 12 రౌండ్లూ చితక్కొట్టాడు. ఒక్కో దెబ్బలో బలం తగ్గినా, దెబ్బల వాన ఆగలేదు.

మీ అనుమానంలోనూ నిజం లేకపోలేదు. 1997లో క్రిస్ యూబ్యాంక్‌ని ఓడించి డబ్ల్యూబీఓ అనే బాక్సింగ్ సంస్థ ఇచ్చే సూపర్ మిడిల్‌వెయిట్ (ఒక బరువు విభాగం) ప్రపంచ టైటిల్ గెలిచాక, లేసీ దాకా ఆడినవాళ్లలో చాలామంది పేర్లు ఇవాళ ఎవరికీ గుర్తులేవు. 2008లో అమెరికా వెళ్లి గెలిచింది కూడా ఒకప్పటి పెద్ద చాంపియన్లు 43 ఏళ్ల బెర్నార్డ్ హాప్కిన్స్ మీద, 39 ఏళ్ల రాయ్ జోన్స్ మీద. కాకపోతే ఆ రెండు ఫైట్లలోనూ మొదటి రౌండ్‌లోనే కింద పడ్డాడు. పరాయి గడ్డ మీద, అరుపుల మధ్య లేచి, మిగతా పదకొండు రౌండ్లు ఆడి గెలిచాడు. హాప్కిన్స్‌తో ఫైట్‌లో మాత్రం ముగ్గురు జడ్జిల్లో ఒకరు హాప్కిన్సే గెలిచాడన్నారు. నేను రాయ్ జోన్స్ గెలుపు కంటే కెస్లర్ గెలుపునే పైన పెడతా, కెస్లర్ అప్పుడు మంచి ఫామ్‌లో ఉన్న చాంపియన్.

చూడాలనుకుంటే లేసీ ఫైట్‌తో మొదలుపెట్టండి. నేను మూడో నెలకే జిమ్ మానేశా. ఆ కణుపు చలికాలంలో ఇప్పటికీ సలుపుతుంది.